యాప్‌లో గాలి పర్లేదంట, కిటికీ మీద మాత్రం పొడి

ప్రశ్న: సార్, మాది చీమకుర్తి పక్కన పల్లె. పొద్దున తుడిచిన కిటికీ సాయంత్రానికల్లా బూడిదరంగు పొడితో నిండిపోద్ది, వేలితో పేరు రాయొచ్చు. ఫోన్‌లో గాలి నాణ్యత నంబరు (ఏక్యూఐ) చూస్తే ఒక యాప్ 83 అంటది, అదే టైముకి ఇంకోటి 137 అంటది. తక్కువ చూపించేదే కరెక్టని మా ఆయన. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ కరెక్టే అయ్యుండొచ్చమ్మా, నవ్వొద్దు. క్యూబిక్ మీటరు గాలిలో పీఎం 2.5 అనే సన్న దుమ్ము 50 మైక్రోగ్రాములు ఉందనుకోండి, మన ఇండియా లెక్కలో అది 83, అదే దుమ్ము అమెరికా లెక్కలో 137. మన దగ్గర రోజు సగటు 60 మైక్రోగ్రాముల దాకా పర్లేదు, నంబరు వంద లోపే ఉంటది, అక్కడ 35 దాటగానే నంబరు వంద దాటేస్తది. అందుకే ఏ దేశం స్కేలో సెట్టింగ్స్‌లో చూసుకోండి. మన సెంట్రల్ పొల్యూషన్ బోర్డు వాళ్ల 'సమీర్' యాప్‌లో మన స్కేలే ఉంటది.

ఇంకో సంగతి, ఆ నంబరు మీ ఊరిదేనా అని ఎప్పుడన్నా చూశారా? దగ్గర్లో గాలి కొలిచే స్టేషన్ లేకపోతే చాలా యాప్‌లు శాటిలైట్ ఫొటోలు, వాతావరణం లెక్కలు కలిపి ఒక అంచనా కట్టి చూపిస్తాయి, మీ వీధి చివర క్రషర్ ఉందని దానికేం తెలుసు.

నిజంగా కొలిచేది ఎట్టాగంటే, పాత పద్ధతిలో మేడ మీద ఒక పెట్టె పెడతారు, లోపల మోటారు గాలిని పీల్చి తెల్లటి ఫిల్టర్ పేపర్ గుండా పంపిస్తది, ఎనిమిది గంటలకొక పేపర్ మారుస్తా రోజుకి మూడు. ముందే తూకం వేసిన పేపర్‌ని తీశాక మళ్లీ తూస్తారు, అంతే, పెద్ద మాయేం లేదు. 500 క్యూబిక్ మీటర్ల గాలికి పేపర్ 75 మిల్లీగ్రాములు బరువెక్కిందంటే క్యూబిక్ మీటరుకి 150 మైక్రోగ్రాములన్నమాట. ఈ పని వారానికి రెండు రోజులే, ఏడాదికి 104 రోజులు, మిగతా రోజుల గాలి సంగతి ఆ పేపర్‌కి తెలీదు. కొత్త ఆటోమేటిక్ స్టేషన్లు రాత్రీపగలూ ఆగకుండా కొలుస్తాయి గానీ అవి అన్నిచోట్లా లేవు. 2019లో మొదలైన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రాంలో ఒంగోలు, నెల్లూరు రెండూ ఉన్నాయి, అంటే గాలి బాగోలేదని సర్కారే ఒప్పుకున్న ఊర్లు ఇవి.

ఇక మీ కిటికీ మీద పొడి. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ స్లర్రీ, అంటే రాతిపొడి కలిసిన బురద, ఎండిపోయి లారీ పోయినప్పుడల్లా లేస్తదే, అదే అయ్యుంటది. కంటికి కనపడే ఆ పొడిలో చాలాభాగం 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా లావు, ఏక్యూఐ లెక్కలోకే రాదు. కాబట్టి యాప్ 'పర్లేదు' అన్నా మీ ఇల్లు దుమ్ము కొట్టుకుపోవడం నిజమే. ఒళ్లుకి ఎక్కువ చెడు చేసేది మాత్రం కనపడని పీఎం 2.5, వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు, ఊపిరితిత్తుల అడుక్కి పోద్ది, కర్చీఫ్ కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్క్ కావాల్సిందే. పొడి చీపురుతో ఊడ్చి దాన్ని మళ్లీ లేపొద్దు, తడిగుడ్డ వెయ్యండి. ఫిర్యాదు చెయ్యాలంటే దుమ్ము ఏ టైముకి, ఎటునుంచి వస్తందో వారం రోజులు రాసిపెట్టి ఫొటోలతో పొల్యూషన్ కంట్రోల్ బోర్డు ఒంగోలు ఆఫీసుకి ఇవ్వండి, స్లర్రీ రోడ్డు పక్కన పోయకుండా చూడమని, నీళ్లు కొట్టించమని, లారీలకి పట్టాలు కట్టించమని విడివిడిగా అడగండి. ఉత్తినే 'కాలుష్యం ఎక్కువైంది' అని రాస్తే ఆ కాగితం ఎక్కడికీ కదలదు, చూశాం కదా.

ప్రశ్న: నెల్లూరులో ఉంటాం. ఇంట్లోకి గాలిలో దుమ్ము కొలిచే చిన్న సెన్సార్ కొన్నాను. మంచు పడే రోజు తెల్లారుజామున 200 దాటతది, ఎండొచ్చాక 60. మిషన్ పాడైందా?

జవాబు: పాడవలేదు తమ్ముడూ. చవక సెన్సార్లు లేజర్ వెలుతురు దుమ్ము మీద పడి ఎంత చెదిరిందో చూసి లెక్క చెప్తాయి, తేమకి ఉబ్బిన కణాన్నీ, మంచు బొట్టునీ కూడా దుమ్మే అనుకుంటాయి. స్టేషన్లలో పెట్టే పెద్ద మిషన్లు గాలిని వేడి చేసి తేమ తీసేసి కొలుస్తాయి. కాకపోతే అంతా మంచు మాయేనని కొట్టిపారెయ్యకండి, చలికాలం తెల్లారుజామున చల్లగాలి కిందే ఉండిపోయి పొగ పైకి లేవదు, భోగి రోజు పొద్దున వీధంతా ఎట్టా ఉంటదో గుర్తు తెచ్చుకోండి. ఎండొచ్చి తేమ ఆరాక వచ్చే అంకె రోజూ రాసుకుంటా పోండి, వాకింగ్ కూడా అప్పుడే పెట్టుకోండి.