గ్లాసు కాదు, చెంబు అడుగు

ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నవారు టాక్సికాలజిస్టు. రసాయనాలతో మనిషి ఆరోగ్యానికి ఎంత ముప్పో లెక్కగట్టడం ఆవిడ వృత్తి. సొంతూరు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు, ఉద్యోగం హైదరాబాద్‌లో, పాతికేళ్ల పైమాటే. వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిని ఆవిడే ఎంచుకున్నారు.

*

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ ఆఖరి ఏడు. టాక్సికాలజీ చదువుతానంటోంది. అది పోస్టుమార్టం గదుల్లో పని అని మా బావగారు భయపెట్టారు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి?
— ఒక తల్లి, తెనాలి

మీ బావగారు చెప్పింది ఫోరెన్సిక్ టాక్సికాలజీ గురించండీ. పోయినవాళ్ల రక్తంలో, కడుపులో ఏ విషం ఉందో తేల్చేవాళ్లు వేరే. అదీ గౌరవమైన పనే. నాది మాత్రం ఎవరికీ ఏమీ కాకముందు చేసే పని. ఫలానా రసాయనం రోజూ ఎంతవరకు ఒంట్లోకి పోతే పర్వాలేదు, ఎంత దాటితే ఊరుకోకూడదు అని గీత గీస్తాం. మా అమ్మ చుట్టాలందరికీ "మందుల కంపెనీలో లెక్కలు రాస్తది" అనే చెప్పుకుంది. అందులో అబద్ధమేమీ లేదు. మీరూ అదే చెప్పుకోండి.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను. మందుల ఫ్యాక్టరీలో ఒకే రియాక్టర్‌లో ఈ వారం ఒక మందు, వచ్చే వారం ఇంకోటి చేస్తారు. ఎంత కడిగినా మొదటిది నలుసంత మిగులుతుంది. రెండో మందు వేసుకునే మనిషికి ఆ నలుసు ఎంతవరకు పోవచ్చు? మొదటి మందును ఎలుకలకు 90 రోజులు ఇచ్చి చూశారనుకోండి. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాముల దాకా వాటికి ఏ హానీ కనబడలేదు. మనిషి బరువు 50 కిలోలు అనుకుంటాం, 250 అయింది. ఎలుక వేరు, మనిషి వేరు కాబట్టి 5తో భాగించాలి. మనుషులందరూ ఒకేలా ఉండరు కాబట్టి 10తో. 90 రోజులు జీవితకాలం కాదు కాబట్టి మళ్లీ 5తో. మొత్తం 250తో భాగిస్తే మిగిలేది రోజుకు 1 మిల్లీగ్రాము.

చిన్నపిల్లలు కూడా చేసే భాగహారమే. ఆ మొదటి 5 ఎక్కడిది అని అడిగితేనే చిక్కు. 80 ఎలుకలు, మూడు మోతాదులు, ఏ మోతాదూ ఇవ్వని గుంపు ఒకటి, వాటి మీద కొన్ని వందల పేజీల రిపోర్టు. మధ్య మోతాదులో మగ ఎలుకల కాలేయం బరువు కాస్త పెరిగిందని ఎక్కడో ఒక పట్టికలో ఉంటుంది. పక్కనే "ప్రాముఖ్యం లేదు" అని రాసి ఉంటుంది. నిజంగా లేదా? ఒక్కోసారి ఆ ఒక్క వాక్యం దగ్గర మూడు రోజులు కూర్చుంటాం. అది తేడా కొడితే 5 కాస్తా 1 అవుతుంది, దాంతో ఫ్యాక్టరీలో కడిగే పద్ధతంతా మారిపోతుంది.

చదువు సంగతి. బీఫార్మసీ తర్వాత ఫార్మసీ పీజీకి రాసే జీప్యాట్, ఆపైన మందుల చదువుకు కేంద్రం పెట్టిన నైపర్ వాళ్ల ప్రవేశ పరీక్ష రాస్తే బాలానగర్‌లోని హైదరాబాద్ నైపర్ ఉంది. పరిశోధన వైపు వెళ్తే లక్నోలో ఐఐటీఆర్ ఈ విషయానికే పెట్టిన సంస్థ. వెటర్నరీ చదివినవాళ్లు, బయోకెమిస్ట్రీ వాళ్లు కూడా ఈ దారిలోకి వస్తారు. నా పక్క సీటాయన పశువుల డాక్టరే, కాలేయం స్లైడు చూడడంలో ఆయన్ని మించినవాళ్లను నేను చూడలేదు. అనుభవం వచ్చాక అమెరికన్ బోర్డు పరీక్ష రాయవచ్చు, పేరు వెనక నాలుగు అక్షరాలు పెరుగుతాయి, జీతమూ పెరుగుతుంది. ఒక్కటి ముందే చెప్పండి అమ్మాయికి. మొదటి కొన్నేళ్లు ఎలుకల గదే. పొద్దున్నే ఒక్కోదాన్నీ తోక మొదట్లో పట్టుకుని తూచాలి. నేను నాలుగేళ్లు తూచాను. ఆ వాసన ఇంటికొచ్చి స్నానం చేసినా పోయేది కాదు. అది పడకపోతే కంప్యూటర్ మీద విషగుణం అంచనా వేసే పనులు ఇప్పుడు పెరిగాయి, ఆ వైపు చూడమనండి.

*

ప్రశ్న: 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర వెంకటాపురంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి వచ్చినప్పటి నుంచి ఎక్కడ పెయింటు వాసన తగిలినా గుండె దడ. వాసన వచ్చిందంటే విషం ఒంట్లోకి పోయినట్టేనా?
— గాజువాక పాఠకుడు

ఆ దడ ఉండడంలో తప్పేం లేదు. ఆ రోజు ట్యాంకులో స్టైరీన్ వేడెక్కి, తనలో తనే గొలుసు కట్టుకుంటూ మరింత వేడి పుట్టించుకుంది. దాని ఆవిరి గాలికన్నా మూడు రెట్లకు పైగా బరువు. పైకి పోకుండా నేలబారున ఇళ్ల మీదికి పాకింది. జనం నిద్రలో ఉన్నారు. అది మీ ముక్కు మరిచిపోయే వాసన కాదు.

అయితే ముక్కు విషాన్ని కొలిచే పరికరం కాదండీ. పది లక్షల భాగాల గాలిలో ఒక భాగం కూడా లేని స్టైరీన్‌ను ముక్కు పసిగడుతుంది. కొత్త పెయింటు వేసిన గదిలో కాసేపు కూర్చున్నందుకు మీకేం కాదు. కిటికీలు తీయండి, చాలు. నాకు భయం ముక్కుకు చిక్కని వాటితోనే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు మళ్లీ లేవకపోవడం అందువల్లే. మురుగు గుంతల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. "వాసన పోయింది, దిగు" అని పైనుంచి చెప్పినవాడి మాట నమ్మి దిగినవాడు ఒరిగిపోతాడు, వాడిని తీయడానికి దిగినవాడూ ఒరిగిపోతాడు. మీ వీధిలో సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపుతుంటే ఆపండి. పెయింటు కన్నా అది వెయ్యి రెట్లు పెద్ద సంగతి.

*

ప్రశ్న: మా స్కూలు బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 1.4 మిల్లీగ్రాములు వచ్చింది. పరిమితి 1.5 కదా, మంచివే అనుకోవచ్చా?
— ఉపాధ్యాయుడు, చౌటుప్పల్ మండలం

సార్, ఈ ప్రశ్న నాకు మా ఇంటి ప్రశ్నే. ముందు పరిమితి సంగతి. మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరకనప్పుడు మాత్రమే 1.5 దాకా ఓర్చుకోమన్నారు. మనవాళ్లు ఆ రెండో అంకెనే బోర్డు మీద రాసుకున్నారు.

ఇంకొకటి. నీళ్ల ప్రమాణాలు కట్టే లెక్కల్లో మామూలుగా పెద్ద మనిషి రోజుకు 2 లీటర్లు తాగుతాడని అనుకుంటారు. ఆ 2 లీటర్లు ఎవరివి?

చదువుకునే రోజుల్లో ఒక సర్వే పని మీద మా ఊరికే వెళ్లాను. చేతిలో అచ్చేసిన కాగితాలు, అందులో "రోజుకు ఎన్ని గ్లాసుల నీరు తాగుతారు?" అని ప్రశ్న. మొదట మా నాయినమ్మనే అడిగాను. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సిన స్థితి అప్పటికే. నవ్వింది. "గిలాసెక్కడిది బిడ్డా, చెంబు అడుగు" అంది. చెంబు తెప్పించి, బ్యాగులోని కొలత గొట్టంతో కొలిచాను. నిండుగా పోస్తే 850 మిల్లీలీటర్లు. "ఎండకాలం నాట్లేసేటప్పుడు మస్తు దూపయితది. పొద్దుగూకేదాక ఏడు చెంబులన్న తాగుత." ఏడు చెంబులంటే దాదాపు 6 లీటర్లు. పుస్తకంలోని మనిషికి మూడింతలు. అన్నం ఉడికిన నీళ్లు, అంబలి, చాయ నేను ఇంకా కలపలేదు. చాయపత్తిలో ఫ్లోరైడ్ దానంతట అదే ఉంటుంది.

ఇప్పుడు మీ 1.4 తీసుకోండి. నీడన కుర్చీలో కూర్చుని 2 లీటర్లు తాగే నాలాంటిదానికి రోజుకు 2.8 మిల్లీగ్రాములు. మీ బడి పక్క పొలంలో 6 లీటర్లు తాగే కూలీకి 8.4. తిండి, నీళ్లు అన్నీ కలిపి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరిగే సూచనలున్నాయని, 14 దగ్గర అది స్పష్టమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన సమీక్షలో ఉంది. నీళ్లు అవే, బోరు అదే. ఒకరికి గీతకు ఇవతల, ఒకరికి అవతల.

పిల్లల విషయంలో ఇంకా ముందే మేలుకోవాలి. దాదాపు ఎనిమిదేళ్ల లోపు, చిగుళ్ల కింద పళ్లు తయారవుతున్నప్పుడే ఫ్లోరైడ్ వాటిని పాడుచేస్తుంది. మూడు, నాలుగు తరగతుల పిల్లలను వరసగా నిలబెట్టి నవ్వమనండి. కొత్తగా వచ్చిన ముందు పళ్ల మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్ల చారలు, గోధుమరంగు మరకలు కనిపిస్తే మీ ల్యాబు కాగితం కన్నా అదే గట్టి రుజువు. కాచితే పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు తయారు చేశారు. దానికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ఆ పేరు చూసి గర్వపడాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తేలలేదు. మీకు నల్లా ద్వారా కృష్ణా నీళ్లు వస్తుంటే తాగడానికీ మధ్యాహ్న భోజనం వండడానికీ అవే వాడండి. బోరు నీళ్లు చేతులు కడగడానికి, చెట్లకు. వంటమనిషికి ఈ ముక్క మీరే స్వయంగా చెప్పండి, నోటీసు అంటిస్తే సరిపోదు.

*

ప్రశ్న: మీ లెక్క ఎప్పుడైనా తప్పిందా?
— ఎంఎస్సీ విద్యార్థిని, కర్నూలు

తప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఫ్యాక్టరీ పేరు చెప్పను. అక్కడ డైమిథైల్ ఫార్మమైడ్ వాడేవాళ్లు, డీఎంఎఫ్ అంటారు. నీళ్లలాంటి ద్రావకం, జిగురును, రెసిన్‌ను ఇట్టే కరిగిస్తుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కార్మికుల కాలరుకు చిన్న పంపులు తగిలించి, షిఫ్టు అంతా వాళ్లు పీల్చే గాలిని కొలిచాం. 3 పీపీఎం వచ్చింది, అంటే పది లక్షల భాగాల గాలిలో 3 భాగాలు. అప్పటి పరిమితి 10. "ముప్పు తక్కువ" అని రాసి సంతకం పెట్టాను.

కొన్ని నెలలకు వేరే పని మీద అక్కడికే వెళ్తే గేటు బయట చాయ బండి దగ్గర ఒకతను పలకరించాడు. "మేడం, పొద్దుమీకి జరంత కల్లు తాగినా మొఖమంత ఎర్రగయితుంది, గుండె దడదడ కొడ్తది. మునుపు గిట్ల గాకపోయేది." పక్కనున్న ఇద్దరు మాకూ అంతే అన్నారు. నా చేతిలో చాయ చల్లారిపోయింది. కల్లులోని ఆల్కహాల్ ఒంట్లో విరిగేటప్పుడు మధ్యలో ఎసిటాల్డిహైడ్ అనేది పుడుతుంది. దాన్ని వదిలించుకునే దారికి డీఎంఎఫ్ అడ్డం పడుతుంది. మొహం కందిపోవడం దాని సంతకం. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా.

మర్నాడు ఏ పరికరమూ తీసుకెళ్లకుండా షిఫ్టు మొదటి నుంచి చివరిదాకా ఒక మూల స్టూలు వేసుకుని కూర్చున్నాను. పదకొండింటికి అర్థమైంది. చేతులకు అంటిన రెసిన్ సబ్బుతో పోదు. అందుకని బకెట్‌లో ఉన్న డీఎంఎఫ్‌లోనే చేతులు ముంచి కడుక్కుంటున్నారు, మోచేతుల దాకా. చేతులకు నూలు గ్లౌజులు, అవి తడిసి రోజంతా చర్మానికి అతుక్కునే ఉన్నాయి. డీఎంఎఫ్ చర్మంలోంచి సులువుగా లోపలికి పోతుంది. నేను గాలిని కొలిచాను, అది చేతుల గుండా పోయింది. మూత్ర పరీక్షలు చేయిస్తే దాని ఆనవాలు గాలి లెక్క చెప్పినదానికి చాలా ఎక్కువగా కనిపించింది. ఇద్దరికి కాలేయం ఎంజైములు పెరిగి ఉన్నాయి. వాళ్లను ఆ పనిలోంచి తప్పించాక కొన్ని వారాలకు తగ్గాయి, నా అదృష్టం.

రెండో రిపోర్టులో బ్యూటైల్ రబ్బరు గ్లౌజులు, చేతులకు వేరే క్లీనర్ రాశాను. మా పై ఆఫీసరు "గాలి కొలత తప్పు కాదు కదమ్మా, మొదటి రిపోర్టు ఎందుకు తీసేయడం?" అన్నారు. కొలత తప్పు కాదు నిజమే. దాని కింద నేను రాసిన రెండు మాటలు తప్పు. ఇప్పుడు నా దగ్గర చేరే పిల్లలకు మొదటి వారం పంపులు ఇవ్వను. స్టూలు ఇస్తాను. వాళ్లు విసుక్కుంటారు.

*

ప్రశ్న: ఇన్ని విషాల గురించి తెలిశాక మీరు బయట ఏమైనా తింటారా?
— ఇంటర్ విద్యార్థి, హనుమకొండ

తింటాను. ఆఫీసు నుంచి వచ్చేదారిలో మిర్చి బజ్జీ బండి ఉంది, వారానికి ఒకసారి ఆగకపోతే నాకు తోచదు. వేడి బజ్జీని న్యూస్ పేపర్లో పెడితే మాత్రం తీసుకోను. వేడి నూనెకు అచ్చు సిరా కరిగి బజ్జీకి పడుతుంది, వద్దని ఆహార భద్రతా సంస్థ కూడా 2016లోనే చెప్పింది. విస్తరాకు ముక్కలో పెట్టమంటాను. మొదట్లో ఆ బండాయన నా కోసం పక్క టిఫిన్ సెంటర్ నుంచి అడిగి తెచ్చేవాడు, ఇప్పుడు ఒక కట్ట దగ్గరే పెట్టుకున్నాడు. నేను స్కూటీ ఆపగానే లోపలున్న పిల్లాడికి కేకేస్తాడు, "విస్తరాకు మేడం వచ్చిండ్రు, రెండు వెయ్" అని.