మంచు విడిచాక బయల్దేరు, గాలి చూసుకుని తొక్కు

అమ్మాయ్,

కోనసీమలో బ్రాంచి పోస్టాఫీసుకి నువ్వు సెలెక్టయ్యావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. జీడీఎస్ (గ్రామీణ డాక్ సేవక్) ఉద్యోగానికి సైకిల్ తొక్కడం వచ్చి ఉండాలని నోటిఫికేషన్‌లోనే రాస్తారు కదా, మీ అమ్మకి ఇప్పుడు దాని మీదే టెన్షన్ పట్టుకుంది. "రాజమండ్రి వీధుల్లో తొక్కిన పిల్ల, ఈ చలికాలం ఆ కాలవ గట్ల మీద ఎలా వెళ్తుందో ఏమో, మీరే కాస్త చెప్పండి బావగారూ" అంది. పోస్టుమాన్‌గా రిటైరైనవాణ్ణి, నాకు తీరికకేం తక్కువ? ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావని కాగితం మీద రాస్తున్నాను.

మన చలికాలంలో సైకిల్‌ని ఇబ్బంది పెట్టేవి రెండే. పొద్దున పొగమంచు, పొద్దెక్కాక గాలి. రెండూ ఒకేసారి రావు. గాలి వీచే చోట మంచు నిలవదు, మంచు పట్టిన రోజు ఆకు కదలదు. అందుకని నీ ప్రయాణానికి టైము నువ్వు పెట్టకు, వాటినే పెట్టనివ్వు. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

రాత్రి మబ్బు లేకుండా, గాలి లేకుండా ఉంటే నేల త్వరగా చల్లబడుతుంది. చుట్టూ కాలవలు, చేపల చెరువులు, తడి చేలు. గాలిలో తేమకి కొదవేముంది? అదే తెల్లవారుజామున మంచై నేలని పట్టుకుంటుంది. సూర్యుడు రాగానే పోతుందనుకుని చాలామంది పొద్దు పొడవగానే బయల్దేరతారు. అసలు అప్పుడే ఇంకాస్త చిక్కబడుతుంది. ఎండ తగిలి నేల వేడెక్కాక గానీ విడవదు, ఎనిమిదవ్వచ్చు, తొమ్మిదవ్వచ్చు. ముందు రోజు సాయంత్రమే దీని జాడ తెలుస్తుంది. చుక్కలు స్పష్టంగా కనబడుతూ, ఎక్కడో గడ్డి తగలబెట్టిన పొగ పైకి పోకుండా చేల మీదే పరుచుకుని ఉంటే, తెల్లారి మంచు ఉందనుకో. అలాంటి రోజున కాస్త ఆలస్యమవుతుందని మీ పైన ఉండే సబ్ పోస్టాఫీసుకి ముందే ఫోన్ చేసి చెప్పు. ఉత్తరం గంట ఆలస్యంగా అందితే ఎవరికీ ఏమీ కాదు.

తప్పనిసరై మంచులో బయల్దేరితే ఒక లెక్క పెట్టుకో. ఒక కరెంటు స్తంభం దగ్గర నిలబడితే ముందున్న స్తంభం కనబడాలి. కనబడకపోతే సైకిల్ దిగి నడు. దీనికి మొహమాటం అక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు పారాయి, వాటి గట్లే చాలా ఊళ్ళకి రోడ్లయ్యాయి. కాలవ ఎటు వంగితే రోడ్డూ అటే వంగుతుంది. పిట్టగోడ ఉండదు, గట్టు అంచున గడ్డి ఉంటుంది, గడ్డి అవతల నీళ్ళు. మంచులో ఆ గడ్డి కూడా రోడ్డులాగే కనబడుతుంది. నడిచేటప్పుడు నీకూ కాలవకీ మధ్యన సైకిల్ ఉండేలా పట్టుకో. అంచు వస్తే ముందు చక్రానికే తెలుస్తుంది, నీ కాలికి కాదు. లాకుల దగ్గర, తూముల దగ్గర రోడ్డు సన్నబడుతుంది, అక్కడ ఎదురుగా బండి చప్పుడు వినబడితే పక్కకి ఆగిపో. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే అలవాటుంటే ఆ దారిలో మానెయ్. మంకీ క్యాపు కూడా చెవుల మీదకి లాగకు. మంచులో కళ్ళు సగమే పనిచేస్తాయి, మిగతా సగం చెవులు చూసుకోవాలి.

లైటు సంగతి. పాత సైకిల్‌కి డైనమో ఉంటే ముచ్చటగానే ఉంటుంది గానీ చక్రం తిరిగితేనే అది వెలుగుతుంది. నువ్వు దిగి నిలబడ్డప్పుడు, అంటే సరిగ్గా వెనకొచ్చే బండికి నువ్వు కనబడాల్సినప్పుడు, ఆరిపోతుంది. చార్జింగ్ పెట్టుకునే లైట్లు రెండు కొనుక్కో. ముందుది తెల్లది, వెలుగు కింద రోడ్డు మీద పడేలా వంచి బిగించు. ఎత్తుగా పెడితే మంచు మీద పడి నీ కళ్ళలోకే కొడుతుంది. వెనకది ఎర్రది, క్యారియర్ మీద సంచి దాన్ని కప్పెయ్యకుండా చూసుకో. మడ్‌గార్డుకీ, పెడళ్ళకీ, సంచి వెనకా రేడియం స్టిక్కర్లు అంటించు. పెడల్ మీద స్టిక్కర్ పైకీ కిందకీ కదులుతూ ఉంటుంది, అది సైకిలని డ్రైవర్‌కి దూరం నుంచే తెలుస్తుంది. తెల్ల డ్రెస్సూ బూడిద రంగు స్వెట్టరూ మంచు రోజుల్లో వద్దు. ఆకుపచ్చ కూడా చేలల్లో కలిసిపోతుంది.

ధనుర్మాసంలో ఇంకొకటి చూసుకోవాలి. ఆడవాళ్ళు తెల్లారకుండానే వాకిట్లో కూర్చుని ముగ్గులేస్తుంటారు. ఊళ్ళో వాకిలంటే రోడ్డే. వంగి కూర్చున్న మనిషి మంచులో రాయిలా ఉంటుంది, దగ్గరికొచ్చేదాకా తెలియదు. ఊరు మొదలవగానే బెల్లు కొడుతూ వెళ్ళు. ముగ్గు మీద చక్రం పోయిందా, ఆ ఇంటికి మనియార్డరు తీసుకెళ్ళినా నీకు మంచినీళ్ళు పుట్టవు.

ఇక జారుడు. మీ అన్నయ్య హాలండ్‌లో సైకిల్ మీదే ఆఫీసుకి పోతాడుగా, అక్కడి కబుర్లు అడిగితే చెప్పాడు. రోడ్డు మీది తడే గడ్డకట్టి, కింద తారు కనబడేంత పల్చగా, అద్దంలా పరుచుకుంటుందట. నేల మీది రోడ్డు కన్నా వంతెనలు ముందు గడ్డకడతాయట, కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి. దాని మీదకి వచ్చేశాక బ్రేకు వెయ్యకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, గట్టిగా తొక్కకూడదు, నిటారుగా కూర్చుని వచ్చిన వేగంతో నేరుగా దాటిపోవాలి. కొందరు ఇనప మేకులున్న టైర్లే వేయించుకుంటారట. మనకి రాత్రి 15 డిగ్రీలకి దిగితేనే దుప్పటి వదలం, మన రోడ్డు మీద ఐసంటే చేపల లారీల్లోంచి రాలిన ముక్కలే. కానీ వాడు చెప్పిన పద్ధతి మాత్రం మనకీ అక్షరాలా పనికొస్తుంది.

ఎందుకంటే జారేవి మన దగ్గరా ఉన్నాయి. చేపల లారీలు మలుపుల్లో వదిలే నీళ్ళు జిడ్డుగా ఉంటాయి, పైన మంచు పడితే ఇంకా అన్యాయం. సార్వా (ఖరీఫ్ వరి) కోతలయ్యాక రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. సగం రోడ్డు ధాన్యం, చుట్టూ రాళ్ళు, రాత్రికి పైన బరకం. చీకట్లో ఆ రాళ్ళు కనబడవు. మంచుకి తడిసిన బరకం మీద చక్రం ఎక్కిందంటే పక్కకి ఈడ్చుకుపోతుంది. విడి గింజల మీద ఎక్కితే టైరు కింద గింజలు దొర్లుతాయి. కుదిరినంత వరకు ఎక్కకు. తప్పకపోతే మలుపులో కాకుండా తిన్నగా ఉన్న చోట, బ్రేకు ముట్టుకోకుండా దాటు. ఆ తర్వాత దాళ్వాకి, అంటే రబీ వరికి, చేలల్లో నీళ్ళు పెట్టి దున్నే దమ్ము మొదలవుతుంది. దమ్ము చక్రాలతో ట్రాక్టర్లు చేలోంచి రోడ్డెక్కి నల్లమట్టి బెడ్డలు రాల్చి పోతాయి. ఎండితే అవి రాళ్ళు, మంచుకి తడిస్తే సబ్బు. మడ్‌గార్డులో ఇరుక్కుంటే చక్రమే తిరగదు, ఒక పుల్ల క్యారియర్‌కి కట్టి ఉంచుకో.

నీ సైకిల్‌కి ఇనప రిమ్ములైతే ఇంకో మాట. మంచుకి రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బర్లు పట్టుకోవు, నొక్కినా సైకిల్ పోతూనే ఉంటుంది. బయల్దేరిన వెంటనే, తర్వాత మధ్యమధ్యలో, వెళ్తూ వెళ్తూనే బ్రేకు మెల్లగా ఆనించి వదులు. రబ్బరే రిమ్ముని తుడుస్తుంది. తడి రోడ్డు మీద వెనక బ్రేకు ముందు, ముందు బ్రేకు ఆ తర్వాత, అదీ మెల్లగా. ముందు బ్రేకు ఒక్కసారిగా పడితే ముందు చక్రం జారుతుంది, అది జారాక మనం చేయగలిగేది ఏమీ ఉండదు.

చైనుకి కొబ్బరినూనె రాయకు. కోనసీమలో అందరిళ్ళల్లో ఉంటుంది, చేతికి అదే అందుతుంది. సుమారు 24 డిగ్రీల లోపు అది గడ్డకడుతుంది, పొద్దున చైను బంకలా పట్టేసి తొక్కలేక నీకు ఆయాసం వస్తుంది. కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి, పైన జిడ్డు గుడ్డతో తుడిచెయ్యి. టైర్లు అరిగి నున్నగా ఉంటే ఈ నెలలోనే మార్పించు.

గాలి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మంచంటే అందరూ భయపడతారు, గాలిని ఎవరూ లెక్కచెయ్యరు. చలికాలం మామూలు రోజుల్లో మన తీరంలో పొద్దున గాలి నేల మీంచి సముద్రం వైపు పోతుంది. ఎండెక్కాక తిరిగి సముద్రం మీంచి తూర్పు గాలి వస్తుంది. నీ రూము ముమ్మిడివరంలో, నీ ఆఫీసు సముద్రం వైపు. అంటే పొద్దున వెళ్ళేటప్పుడు గాలి వెనకుంటుంది, మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడూ వెనకే ఉంటుంది. నీ అదృష్టం. అది తెలియక పొద్దున్నే ఇంకో పని పెట్టుకుని ఎండెక్కాక బయల్దేరావంటే వెళ్ళేటప్పుడు ఎదురుగాలే.

ఎదురుగాలి వచ్చినప్పుడు దాంతో పోటీ పడకు. గాలిలో నీ వేగం రెట్టింపు చేస్తే అది నిన్ను ఆపే బలం నాలుగింతలవుతుంది. కాబట్టి మెల్లగా పోయేవాడికే లాభం. మోచేతులు వంచి కాస్త ముందుకి ఒంగు, గేర్లుంటే తేలిక గేరులో పెట్టు, లేకపోతే మెల్లగా తొక్కు, ఎంత దూరం వచ్చావో చూడకు.

పక్కగాలి వేరు. అదే పడేసేది. కొబ్బరితోటల మధ్య రోడ్డు మీద ఏమీ తెలియదు. తోట అయిపోయి చేలు మొదలయ్యే చోట పక్కనుంచి ఒక్కసారిగా తోస్తుంది. తోట చివర వెలుతురు కనబడగానే రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి, అంచు నుంచి ఒక బార లోపలికి జరుగు. ఇక బస్సులు. కుడి నుంచి గాలి కొడుతుంటే మనకి తెలియకుండానే కుడికి వాలి తొక్కుతుంటాం. బస్సు కుడిపక్కకి రాగానే గాలి ఆగిపోతుంది, ఆ వాలు మనల్ని బస్సు మీదకి తీసుకుపోతుంది. బస్సు దాటగానే గాలి మళ్ళీ కొట్టి గట్టు అంచుకి తోస్తుంది. వెనక హారన్ వినబడగానే వేగం తగ్గించి, వాలు సరిచేసుకో. ఎదుర్లంక దగ్గర గౌతమి మీది బాలయోగి వారధి మీద యానాం వెళ్ళాల్సి వస్తే ఇదంతా రెండింతలు. కింద అంత నీళ్ళు, పక్కన ఒక్క చెట్టు లేదు. గాలి రోజున దాన్ని నడిచి దాటు, లేదా ఆటోలో వేసుకుని పో.

సంచి హ్యాండిల్‌కి తగిలించకు, గాలికి అది తిప్పిన వైపే సైకిల్ తిరుగుతుంది. క్యారియర్ మీద పెట్టి తాడుతో బిగించు. చున్నీ రెండు కొసలూ వెనక్కి ముడేసి, పైన స్వెట్టరు వేసుకో. చున్నీ చక్రంలో పడడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. గాలి రోజున సైకిల్ కొబ్బరిచెట్టు కింద స్టాండు వెయ్యకు, నువ్వూ అక్కడ నిలబడకు. ఎండు మట్ట ఎప్పుడు ఊడిపడుతుందో చెట్టుకే తెలియదు.

తుపాను మాట వస్తే మాత్రం నా లెక్కలేవీ పనికిరావు. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడిన దాని గురించి ఆ ఊళ్ళో పెద్దవాళ్ళని ఎవరినడిగినా గంట చెబుతారు. నవంబరు దాటితే ఫర్లేదనుకుంటారేమో, పెథాయ్ 2018 డిసెంబరు 17న వచ్చి కాట్రేనికోన దగ్గరే తీరం దాటింది. హెచ్చరిక వస్తే సైకిల్ లోపల పెట్టి తాళం వెయ్. గాలి ఆగాక కూడా మర్నాడే బయల్దేరకు. రోడ్డు మీద నీళ్ళలో తెగిన కరెంటు తీగ ఎక్కడుందో కనబడదు. లైన్‌మాన్ ఆ దారంతా చూసి సరేనన్నాకే వెళ్ళు.

లైట్లకీ టైర్లకీ డబ్బు మీ నాన్న ఖాతాలో వేశాను, మొహమాటపడకుండా తీసుకో. భోగికి ఇంటికి వచ్చేటప్పుడు సైకిల్ మీద బస్టాండు దాకా కూడా రాకు, ఆ తెల్లవారుజామున మంచుకి భోగిమంటల పొగ తోడై ఏమీ కనబడదు, పండగ హడావుడిలో బైకుల వాళ్ళు అసలే ఆగరు. ముందు రోజు మధ్యాహ్నమే బస్సెక్కెయ్. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి నేనూ మీ పెద్దమ్మా వస్తాం. తిరుగు ప్రయాణంలో నీ రూముకి వచ్చి ఆ బ్రేకు రబ్బర్లు ఓసారి చూస్తాను, స్పానర్లు నేనే తెస్తాను.

మీ పెదనాన్న