పాటల పెట్టె కోసం పర్సనల్ లోనా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 78,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 27,500తో కలిపి ఖర్చులు 62,000. ఎఫ్‌డీలో 1,10,000 ఉంది. క్రెడిట్ కార్డు లిమిట్ 3 లక్షలు, అత్యవసరానికి అది చాలనుకుంటున్నాను. కంపెనీ మెడిక్లెయిమ్ 4 లక్షలు. భార్యా పిల్లలతో పాటు అమ్మా నాన్నలు కూడా అందులోనే ఉన్నారు. నాన్న రిటైర్డ్ టీచరు, 72 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి, తెనాలిలో ఉంటారు. ఆయన జీవితమంతా పాటలు పోగుచేశారు. 280 ఎల్పీలు, 350 క్యాసెట్లు ఇప్పుడు మా ఫ్లాట్‌లో ఉన్నాయి. క్యాసెట్లలో సగం ఆయన విజయవాడ ఆకాశవాణి నుంచి స్వయంగా రికార్డు చేసుకున్నవే. నేను కొన్న సీడీలు 620, ఎంపీ3 పాటలు 30 వేల దాకా ఉన్నాయి. పోయిన నెల ఎంపీ3లున్న డిస్క్ మొరాయించింది. ఎలాగో కాపీ చేసుకున్నా, అప్పటి నుంచి టెన్షన్. అన్నీ డిజిటల్ చేసి, భద్రంగా దాచి, ఇంట్లో ఏ గదిలోనైనా వినేలా నాలుగు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) పెడదామనుకుంటున్నాను. 8 టీబీవి నాలుగు డిస్కులతో కలిపి 1,50,000 అన్నారు. బ్యాంకు యాప్‌లో 16 శాతానికి 24 నెలల ప్రీ-అప్రూవ్డ్ లోన్ కనిపిస్తోంది. షాపువాళ్లు 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటున్నారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు అడ్డం తగిలింది నాస్ కాదు, ‘కార్డు లిమిట్ ఉంది, అత్యవసరానికి అది చాలు’ అన్న ముక్క. ఈ ముక్క లేకుండా వచ్చే ఉత్తరాలు తక్కువ. మీ ప్రశ్నకే ముందు జవాబు రాయడానికి కారణం కూడా అదే. లిమిట్ మీ డబ్బు కాదండీ. అడిగితే ఇస్తానని బ్యాంకు చెప్పిన అప్పు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి వాళ్లు మిమ్మల్ని అడగక్కర్లేదు. 2020లో లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో నా క్లయింటు ఒకాయనకి జీతం సగానికి కోశారు. రెండు వారాలు తిరక్కుండానే, కార్డు లిమిట్ 2 లక్షల నుంచి 40 వేలకు తగ్గించామని మెసేజ్ వచ్చింది. అప్పటిదాకా ఆయనా మీలాగే ధీమాగా ఉన్నాడు. పక్కింటి బావిని చూసుకుని మన బిందె ఖాళీగా ఉంచుకోవడం ఇది. పోనీ లిమిట్ తగ్గించలేదనే అనుకుందాం. ఉద్యోగం లేని నెలల్లో కార్డు గీకి, బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. ఏడాదికి లెక్కేస్తే 40 శాతం చుట్టుపక్కల తేలుతుంది. కష్టంలో ఉన్నవాడికి ఇంతకంటే ఖరీదైన సాయం ఉండదు.

తమాషా ఏమిటంటే, నాస్ అమ్మేవాళ్లు మీకు చెప్పే ధీమా కూడా అచ్చం ఇలాంటిదే. ‘రెయిడ్ ఉంది సార్, ఒక డిస్క్ పోయినా డేటా సేఫ్’ అంటారు. రెయిడ్ అంటే, ఒక డిస్క్ చెడినా మిగతావాటి నుంచి డేటా తిరిగి వచ్చేలా అన్ని డిస్కుల మీదా పరిచి రాసే పద్ధతి. ఒక డిస్క్ పోతే నిజంగానే ఏమీ కాదు. కానీ డిస్క్ చెడిపోతేనే పాటలు పోతాయా? పిల్లాడు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే నాలుగు డిస్కుల్లోంచీ ఒకేసారి చెరిగిపోతుంది. పిడుగు పడి కరెంటు లైన్లోంచి దెబ్బ తగిలితే నాలుగూ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. దొంగ కూడా పెట్టెనే ఎత్తుకెళ్తాడు, మీకు రెండు డిస్కులు వదిలిపెట్టి పోడు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్, ఇంటర్నెట్‌కి తలుపులు తెరిచి ఉంచిన నాస్ పెట్టెల్లోకి దూరి, ఫైళ్లకు తాళాలు వేసి బిట్‌కాయిన్లలో డబ్బు అడిగింది. అప్పుడు రెయిడ్ ఎవరికీ అక్కరకు రాలేదు. వారంటీ ఉంది కదా అంటారా? మూడేళ్లలో డిస్క్ పోతే కొత్తది ఇస్తారు, ఖాళీది. ఇంటి సామానుకు బీమా ఉంటే పెట్టె ఖరీదు రావచ్చు. మీ నాన్నగారు రేడియో పక్కన కూర్చుని, బటన్ మీద వేలు పెట్టుకుని పట్టుకున్న పాటకు మాత్రం ఏ సర్వేయరూ విలువ కట్టలేడు.

కాబట్టి రెయిడ్ బ్యాకప్ కాదు, కార్డు లిమిట్ ఎమర్జెన్సీ ఫండ్ కాదు. రెండింటికీ ఒకటే జబ్బు: దెబ్బ ఎక్కడ పడుతుందో అవీ అక్కడే ఉంటాయి.

ఇప్పుడు అసలు మీకు ఎంత జాగా కావాలో చూద్దాం, షాపులో ఈ లెక్క ఎవరూ వేయరు కాబట్టి. ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా పాటను కుదించే ఫైలు రకం) సీడీ ఒక్కోటి సుమారు 350 ఎంబీ పడుతుంది, 620 సీడీలకు 217 జీబీ. ఎల్పీలను 24-బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, అంటే సీడీ కంటే మేలైన నాణ్యతలో తీస్తే ఒక్కోటి దాదాపు ఒక జీబీ, అంటే 280. క్యాసెట్లకు అంత నాణ్యత అక్కర్లేదు. గంట క్యాసెట్‌కి 400 ఎంబీ చొప్పున 140 జీబీ. ఎంపీ3లు ఇంకో 180. మొత్తం కలిపి 820 జీబీ దగ్గర ఆగుతుంది. ఒక టీబీ కూడా నిండలేదు. మీరు కొంటానంటున్న నాలుగు డిస్కుల్ని రెయిడ్ 5లో (ఒక డిస్కంత జాగా రక్షణకు పోయే రకం) పెడితే 24 టీబీ చేతికి వస్తుంది. అంటే 23 టీబీల ఖాళీకి మీరు నెలనెలా వడ్డీ కట్టబోతున్నారు. స్ట్రీమింగ్‌కీ అంతే. సీడీ నాణ్యత పాటను కుదించకుండా పంపినా సెకనుకు 1.4 మెగాబిట్లు చాలు, ఎల్పీల ఫ్లాక్ ఫైళ్లకు మూడు. ఈ పని ఏ పాత కంప్యూటరైనా నిద్రపోతూ చేస్తుంది. నాలుగు డిస్కుల పెట్టె రాత్రీ పగలూ తిరిగితే నెలకు పాతిక ముప్పై యూనిట్ల కరెంటు, అది వేరే.

లోన్ సంగతికి వద్దాం. 1,50,000కి నెలకు 7,344 చొప్పున 24 నెలలు. వడ్డీ 26 వేల పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం వేసుకుంటే జీఎస్టీతో మరో మూడున్నర వేలు. దగ్గరదగ్గర 30 వేలు బూడిదలో పోసినట్టే. ప్రీ-అప్రూవ్డ్ అంటే మీరు కట్టగలరని వాళ్లు వేసుకున్న అంచనా, మీకు అవసరమని కాదు. యాప్‌లో పచ్చరంగు బటన్ కనిపించినంత మాత్రాన నొక్కేయాలా? నో-కాస్ట్ ఈఎంఐ అయితే నెలకు 12,500. మీకు మిగిలేదే 16,000. వడ్డీని డిస్కౌంటుగా చూపించినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీ బిల్లులోకే వస్తుంది. సున్నా శాతం వడ్డీ అనేదేదీ లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. పేరు మార్చి ఇంకా అమ్ముతూనే ఉన్నారు, మనమూ కొంటూనే ఉన్నాం.

అప్పు చేసే ఇంకో హాని ఎవరికీ తట్టదు. మీకు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి, అంటే 3,72,000. ఉన్నది 1,10,000, రెండు నెలలకు కూడా రాదు. ఈ లోన్ తీసుకున్న మరుక్షణం మీ నెల ఖర్చు 69 వేలు దాటుతుంది, కావలసిన ఫండ్ 4,16,000 అవుతుంది. చేతిలో ఉన్నది పెరగదు, చేరాల్సిన దూరం ఇంకో 44 వేలు జరుగుతుంది. ఉద్యోగం పోయిన నెలలో ఇంటి లోన్ 27,500 ఆగదు, పిల్లల ఫీజు ఆగదు, వాటి వెనకాలే నాస్ ఈఎంఐ కూడా వచ్చి నిలబడుతుంది. అప్పుడు ఆ పెట్టె అమ్మితే సగం కూడా రాదు.

అందుకే ఆ ఎఫ్‌డీని ముట్టుకోకండి. ‘అయితే ఎఫ్‌డీ విరగ్గొట్టి కొంటాను, అప్పు ఉండదుగా’ అని మీరు మళ్లీ రాస్తారని తెలుసు, దానికీ ఇదే జవాబు. జీతం పడ్డ మర్నాడే 12,000 వేరే ఖాతాలోకి వెళ్లిపోయేలా ఆటో డెబిట్ పెట్టండి. నెలకు 16,000 మిగలాల్సిన ఇంట్లో పొదుపు 1,10,000 దగ్గరే ఉందంటే, మిగిలింది ఎటు పోతోందో మీరు చూడటం లేదన్నమాట. ముందు రెండు నెలల పొదుపు పాటల ఖాతాకి పోయినా, రెండేళ్లలో ఆరు నెలల ఫండ్ చేతికొస్తుంది. సగం స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకి ముడిపడి, కావలసినప్పుడు తీసుకోగలిగే ఎఫ్‌డీ), సగం లిక్విడ్ ఫండ్‌లో (తక్కువ రిస్కుతో త్వరగా తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) ఉంచండి. లిక్విడ్ ఫండ్ నుంచి అప్పటికప్పుడు తీసుకోగలిగేది రోజుకు 50 వేలకు మించదు, అర్ధరాత్రి ఆసుపత్రి అడ్వాన్సుకి మొత్తం దాని మీదే ఆధారపడకండి.

ఆసుపత్రి అన్నాను కాబట్టి మీ కవరేజీ. 4 లక్షలు, అంత కుటుంబానికి, అదీ కంపెనీది. ఉద్యోగం పోయిన రోజే జీతం, మెడిక్లెయిమ్ రెండూ కలిసి పోతాయి. మళ్లీ అదే జబ్బు! మీకు, భార్యకు, పిల్లలకు సొంత ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, ఆ సాకు కూడా పోయింది. నాన్నగారికి 70 దాటాయి గనుక ఆదాయంతో పని లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ కార్డు వస్తుంది, ఈ నెలలోనే చేయించండి. అన్ని ఆసుపత్రుల్లో చెల్లదు కాబట్టి ఆయనకు విడిగా పాలసీ కూడా ప్రయత్నించండి. బీపీ, షుగర్‌కి వెయిటింగ్ పీరియడ్ (వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలం) మూడేళ్ల దాకా ఉండొచ్చు, ఆలస్యం చేసినకొద్దీ ఆ మూడేళ్లు వెనక్కి జరుగుతుంటాయి.

పాటల మాటేమిటంటారా? ఇంట్లో మూలపడ్డ పాత ల్యాప్‌టాప్ ఉంటే తీయండి, లేకపోతే మిత్రుల దగ్గర దొరుకుతుంది. బ్యాటరీ ఉబ్బిందేమో మాత్రం ముందు చూసుకోండి. బ్యాటరీ బాగుంటే అదే మీ యూపీఎస్. దాంట్లో నావిడ్రోమ్ గానీ జెల్లీఫిన్ గానీ వేయండి. ఇంట్లోని పాటల్ని వేరే పరికరాలకు పంపే సాఫ్ట్‌వేర్లు ఇవి, రెండూ ఉచితమే. ఫోన్లో, వేరే గదిలోని కంప్యూటర్లో పాటలు వస్తాయి. బయటి నుంచి వినాలన్న సరదాతో రౌటర్‌లో పోర్టులు (ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారులు) తెరవకండి, పైన చెప్పిన రాన్సమ్‌వేర్ దూరింది అలాంటి దారిలోనే. 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండు కొనండి, ఒకే రోజు ఒకే షాపులో కాకుండా. 20 వేలు పక్కన పెట్టుకుంటే సరిపోవాలి. లోన్ మీద మీరు కట్టబోయిన వడ్డీ, ఫీజులే అంతకంటే ఎక్కువని గమనించారా?

ఒక డిస్క్ ల్యాప్‌టాప్‌కి ఉంటుంది. రెండోది తెనాలిలో, నాన్నగారి బీరువాలో. సంక్రాంతికి, దసరాకి వెళ్లేటప్పుడు ఈలోగా డిజిటల్ చేసినవి 128 జీబీ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి అక్కడి డిస్క్‌లోకి ఎక్కించండి. ఆయన దాన్ని టీవీకి గుచ్చుకుని వింటారు, మీకు వేరే ఊళ్లో ఒక కాపీ ఉన్నట్టూ అవుతుంది. ఇక క్లౌడ్ అంటారా, అన్నీ అక్కర్లేదు. క్యాసెట్ల 140 జీబీ మాత్రం 200 జీబీ ప్లాన్‌లో పెట్టండి, నెలకు రెండొందల చిల్లర. నాస్ మీదే మనసుంటే ఫండ్ నిండాక, బోనస్ డబ్బుతో రెండు డిస్కులు పట్టే చిన్నది కొనుక్కోండి. తెనాలి డిస్క్ అప్పుడూ ఉండాలి.

తొందర అక్కర్లేదని ఎందుకంటున్నానంటే, టేపును గంట ఆడించందే గంట పాట రాదు. క్యాసెట్లకు 350 గంటలు, ఎల్పీలకు 210. ఆదివారానికి నాలుగు గంటలు కూర్చున్నా 140 ఆదివారాలు. ఈ రోజు 24 టీబీ కొని ఇంట్లో పెట్టినా, అందులో వేయడానికి పాటలు ఇంకా పుట్టలేదు. మొదలు కూడా తప్పుగా పెట్టకండి. అందరూ సులువని సీడీలతో మొదలుపెడతారు. సీడీ పోతే మళ్లీ దొరుకుతుంది. హెచ్‌ఎంవీ ఎల్పీల్లోని పాటలు చాలావరకు ఇప్పుడు సారెగామా కంపెనీ దగ్గర డిజిటల్‌గా ఉన్నాయి. మళ్లీ దొరకనివి ఆ ఇంటి రికార్డింగులే. ఆ భక్తిరంజని, ఆ పద్యనాటకాలు, మధ్యలో ఎవరో దగ్గితే అదీ. మా ఇంట్లోనూ ఇలాంటి అట్టపెట్టె ఒకటి ఉండేది. ఓ వానాకాలం తర్వాత తెరిస్తే టేపుల మీద తెల్లగా బూజు. అందులో మా నాయనమ్మ పాడిన మంగళహారతి ఉంది, రెండు నిమిషాల తర్వాత ఇక వినపడదు.

మీవి ఇప్పుడే తీసి చూడండి. బూజు కనిపించిన క్యాసెట్‌ని శుభ్రం చేయించకుండా డెక్‌లో (క్యాసెట్ ప్లేయర్) పెట్టకండి, టేపును చదివే హెడ్ నుంచి మిగతావాటికి అంటుకుంటుంది. డెక్ బెల్టు సాగిపోయి ఉంటే పాట స్పీడు తేడా వస్తుంది, ముందు బెల్టు మార్పించి హెడ్ తుడిపించండి. ఆ ఖర్చు కోసం మాత్రం మళ్లీ బ్యాంకు యాప్ తెరవకండి.