మాంధాతల నాటి ఫ్యాను

ప్రశ్న: పాత వస్తువు ఏది కనిపించినా మా అత్తగారు 'మాంధాతల కాలం నాటిది' అంటారు. ఎవరండీ ఈ మాంధాతలు?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాంధాత ఒక్కడేనమ్మా, వాడుకలో బహువచనమైపోయాడు. సూర్యవంశపు రాజు, కృతయుగం వాడు. కథ భలే ఉంటుంది. కొడుకు పుట్టాలని రాణి కోసం ఉంచిన మంత్రజలాన్ని యువనాశ్వ మహారాజు దాహం ఆగక తానే తాగేశాడు. ఆయన పక్క చీల్చుకుని బిడ్డ పుట్టాడు. తల్లి కడుపున పుట్టని పసివాడికి పాలెవరిస్తారు? ఇంద్రుడు తన వేలు నోట్లో పెట్టి 'మాం ధాస్యతి', అంటే 'నన్నే తాగుతాడు' అన్నాడట. పేరు అలా వచ్చిందని భారతం చెబుతుంది.

ఇక వాడుక. 'ప్రాచీనం'లో గౌరవం ఉంది, ఉండవల్లి గుహలకు నప్పుతుంది. 'అనాది' అంటే మొదలే లేనిది, పెళ్లికి పెట్టిన మిక్సీకి అనకూడదు. 'మాంధాతల నాటి'లో ఉన్నది మాత్రం అచ్చంగా వెటకారమే. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి టేబుల్ ఫ్యానుకు మా ఆవిడ 20 ఏళ్ల కిందటే ఆ బిరుదిచ్చింది. రోహిణి కార్తెలో మాత్రం దాని ముందు నుంచి లేవదు.