‘పేలింది’ అని రాయొద్దు నాయనా

నాయనా,

నువ్వు పంపించిన వ్యాసం రెండుసార్లు చదివినా. విశ్వం ఎట్లా పుట్టిందో మన పిల్లోళ్ళకి తెలుగులో చెప్పాలని నీకు అనిపించినందుకే నాకు చానా సంతోషం, అందుకే మొహమాటం లేకుండా రాస్తా ఉండా. మొదటి లైన్లోనే "1380 కోట్ల ఏళ్ళ కిందట ఒక చుక్క పెద్ద శబ్దంతో పేలిపోయింది" అన్నావు కదా, లెక్క కరెక్టే, చానామంది బిలియన్ అంటే కోటి అనుకోని 13.8 కోట్లు అని రాసేస్తారు, నువ్వు ఆ తప్పు చెయ్యలేదు. కానీ ఆ "పేలిపోయింది" మాత్రం తీసెయ్.

నేనూ ఒకప్పుడు ఇట్లనే రాసినా. పాతికేళ్ళ కిందట చిత్తూరు పక్కన ఒక పల్లె బడిలో నా వ్యాసం చదివి వినిపిస్తా ఉంటే ముందు వరసలో ఒక పాప లేచి "ఎక్కడ పేలింది సార్, మనకి ఏ పక్క?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆ పాప అడిగింది న్యాయమే, టపాకాయ పేలిందంటే ఏదో ఒక చోట పేలాల, చుట్టూ ఖాళీ ఉండాల, ముక్కలు ఆ ఖాళీలోకి ఎగరాల. విశ్వానికి బయట ఖాళీ ఒకటి ముందే ఉండి గెలాక్సీలు, అంటే కోట్ల నక్షత్రాల గుంపులు, అందులోకి ఎగిరినాయని ఏ సైంటిస్టూ చెప్పలేదు, సాగింది చోటు, అంటే స్పేస్ అనేదే. విశ్వం ఇట్లా మొదలైందనే సిద్ధాంతానికి బిగ్ బ్యాంగ్, అంటే పెద్ద పేలుడు, అనే పేరు 1949లో బీబీసీ రేడియోలో వాడింది ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్, ఆయన ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోనే లేదు, ఆ పేరే మనల్ని ఇంతగా తిప్పలు పెడతా ఉండాది. మనకి సాగడం అని ఎంత మంచి మాట ఉండాది చూడు, ఓళిగ పిండి సాగుతుంది, రబ్బరు సాగుతుంది, ఆ మాట పెట్టుకో.

నాకు ఇది అర్థమైంది తిరుపతిలో ఒక టైలర్ షాపులో. ఆయన ఎలాస్టిక్ మీద అంగుళానికి ఒక సుద్ద గీత పెట్టుకోని, రెండు చేతుల్తో పట్టుకోని రెట్టింపు పొడుగు లాగినాడు. ఒక గీత దగ్గర కన్ను పెట్టి చూడు, పక్క గీత అంగుళం నుంచి రెండంగుళాలకి పోయింది, ఐదో గీత ఐదు నుంచి పదికి పోయింది, అదే లాగుడులో అది ఐదంగుళాలు జరిగింది. దూరం ఎంత ఎక్కువైతే అంత వేగంగా పోతా ఉన్నట్టు కనపడుతుంది. 1929లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హబుల్ గెలాక్సీలని కొలిచి చూపించింది ఇదే, అంతకు రెండేళ్ళ ముందే బెల్జియంలో చర్చి ఫాదర్, సైంటిస్టు కూడా అయిన లెమైత్ర్ ఐన్‌స్టీన్ సమీకరణాల్లోంచి ఇదే లెక్క తీసినాడు. ఏ గీత మీద కూర్చున్నా మిగతావన్నీ తన నుంచే దూరం పోతా ఉన్నట్టు ఉంటుంది, నడిమధ్య అని ఒక చోటే లేదు. ఆ పాపకి చెప్పాల్సిన జవాబు అది, అన్ని చోట్లా అమ్మా, నువ్వు కూర్చున్న చోట కూడా. చెప్పలేకపోయినానని ఇప్పటికీ బాధే.

అప్పుడు తిరుపతి చిత్తూరు కూడా దూరం అవుతాయా అని అడుగుతారు, ముందే రాసేయ్. కావు, భూమిని, మన గెలాక్సీని గురుత్వాకర్షణ పట్టి ఉంచుతుంది, పక్కనున్న ఆండ్రొమెడా గెలాక్సీ అయితే మన వైపే వస్తా ఉండాది.

ఇంకోటి, నువ్వు ఏం జరిగిందో చెప్పినావు గానీ ఎట్లా తెలిసిందో చెప్పలేదు. డిసెంబర్లో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మంచులో బస్సు లైటు పది అడుగులు కూడా పోదు చూడు, మొదట్లో విశ్వం అంతా అట్లనే, వేడికి విడిపోయిన ఎలక్ట్రాన్లు వెలుతురుని అటూ ఇటూ చెదరగొట్టినాయి. 3 లక్షల 80 వేల ఏళ్ళకి చల్లబడి ఎలక్ట్రాన్లు పరమాణువుల్లో కుదురుకున్నాక దోవ తెరుచుకుంది, అప్పుడు బయల్దేరిన వెలుతురు సాగి సాగి ఇప్పుడు కంటికి కనపడని మైక్రోవేవ్ తరంగాలు అయిపోయింది, మైనస్ 270 డిగ్రీల చల్లదనం. 1964లో న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు సైంటిస్టులు తమ యాంటెన్నాలో అన్ని దిక్కుల నుంచీ ఒకటే గుర్రుమనే శబ్దం వస్తా ఉంటే పావురాల రెట్టలనుకోని కడిగినారు, అయినా పోలేదు, ఆ శబ్దం ఈ పాత వెలుతురే. ఇది వివరంగా రాయి, పిల్లోళ్ళు వదలకుండా చదువుతారు.

చివర్లో పురాణాల్లో ఇదంతా ముందే ఉండాది అని పెట్టిన పేరా తీసెయ్, మన భక్తికి ఆ సాక్ష్యం అక్కర్లేదు, ఆ చోటు యాంటెన్నాకి ఇయ్. 1998లో ఈ సాగుడు ఇంకా ఊపందుకుంటా ఉందని తేలింది కదా, దానికి డార్క్ ఎనర్జీ అని పేరైతే పెట్టినారు, అదేందో ఇంకా ఎవరికీ తెలీదని అట్లనే రాసేయ్, భయం లేదు.

తిరగరాసి మీ అమ్మకి చదివి వినిపించు. ఆమె ఎక్కడ ఆపి "అంటే?" అంటుందో అక్కడ పెన్సిల్ గీత పెట్టి నాకు పంపించు.