తృణీకరణమా, తిరస్కరణమా?

సందేహం: మా పాఠశాలలో ఒకే అక్షరాలతో ముగిసే పొడవైన ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు చెప్పే పోటీ పెట్టాము. 'ఫికేషన్' అనే ముగింపు ఉన్న మాటల్లో 29 అక్షరాల 'ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్' ఒకటి. దానికి నేను 'తృణీకరణం' అని రాశాను. తృణీకరించడమంటే తిరస్కరించడమనీ, ఇంగ్లీషు మాటకు ఆ అర్థం లేదనీ సహోపాధ్యాయుడొకరు ఆక్షేపించారు. ఎవరిది సరి? – ఒక ఉపాధ్యాయురాలు, నల్లగొండ

సమాధానం: మీరు రాసినదే సరి. దేనినైనా విలువలేనిదిగా ఎంచడమే ఆ ఇంగ్లీషు మాటకూ, తృణీకరణానికీ అర్థం. మీ సహోపాధ్యాయుడు ఇంగ్లీషు మాటను సరిగానే గ్రహించి, తెలుగు మాట దగ్గర పత్రికలను నమ్మి పొరబడ్డారు. ఆయనను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. 'ఆహ్వానాన్ని తృణీకరించారు', 'దరఖాస్తును తృణీకరించారు' అన్న వాక్యాలు పత్రికల్లో చదివేవారికి మరో అర్థం తోచే వీలేదీ?

ముందుగా ఆ ఇంగ్లీషు మాట పుట్టుక చూడండి. ఇంగ్లండులోని ఈటన్ పాఠశాలలో పిల్లలు వల్లెవేసిన లాటిన్ వ్యాకరణంలో 'విలువలేనిదిగా ఎంచు' అనే అర్థమిచ్చే పదాలను ఒక్కచోట చేర్చి ఇచ్చారనీ, ఆ పట్టికలోని పదాలు నాలుగింటిని ఎవరో చమత్కారానికి గుదిగుచ్చారనీ నిఘంటుకారులు చెబుతారు. ఫ్లాకుస్ అంటే ఊలు పోగు. నాకుమ్ అంటే ఏమిటో రోమన్ పండితులలోనే ఏకాభిప్రాయం లేదు. కాయలోని పొర అని కొందరు, పైపెంకు అని కొందరు అన్నారు. పిలుస్ అంటే వెంట్రుక. నాలుగోదైన నిహిల్ అంటే 'ఏమీ లేదు' అని అందరికీ తెలిసిందే గాని, దాని లోపల 'హీలుమ్' అనే మరో మాట ఉందనీ, అది చిక్కుడు జాతి గింజకు అంటుకొని ఉండే నలుసు పేరనీ ప్రాచీనులు భావించారు. అంటే నిహిల్ అన్నది మన 'నలుసంతైనా లేదు' అన్నదే. చివరనున్న ఫికేషన్‌కు మూలం 'ఫాకెరె', అనగా చేయు. ఆ 'చేయు'కు ఇటువంటి పదాలతో కలిసినప్పుడు 'లెక్కకు తెచ్చు' అనే అర్థం వస్తుంది. మనం 'లెక్కచేయు', 'ఖాతరుచేయు' అన్నప్పుడు ఆ 'చేయు' చేసే పని కూడా ఇదే కదా!

ఇప్పుడు తృణీకరణాన్ని పక్కన పెట్టి చూడండి. తృణమంటే గడ్డిపోచ, కరణమంటే చేయడం, నడుమనున్న ఈకారం, ఒకటి కానిదానిని అదిగా చేయడాన్ని తెలిపే 'చ్వి' అనే సంస్కృత ప్రత్యయం వచ్చినందువల్ల కలిగినది. గడ్డి కానిదానిని గడ్డిగా చేయడమని మాటకు మాటగా అర్థం. అయితే ఇక్కడ వస్తువేమీ మారదు, దానికి మనమిచ్చే విలువ మాత్రమే మారుతుంది. లాటిన్‌వారు ఊలు పోగును, వెంట్రుకను తూనికగా పెట్టుకుంటే మనవారు గడ్డిపోచను పెట్టుకున్నారు. పరమార్థం తెలిసిన పండితులను సంపద కట్టిపడవేయలేదని చెబుతూ భర్తృహరి 'తృణమివ లఘు లక్ష్మీః' అన్నాడు. విలియం షెన్‌స్టన్ అనే ఇంగ్లీషు కవి 1741లో ఒక లేఖలో ఈ పొడవాటి మాటను వాడినదీ డబ్బు విషయంలోనే; డబ్బును అలా చూసే గుణం వల్లనే ఫలానావానిపై తనకు ప్రీతి కలిగిందని ఆయన రాశాడు. ఇద్దరూ ధనాన్ని వద్దన్నవారిని గురించి చెప్పలేదు, దానికి బరువు లేదని ఎంచినవారిని గురించి చెప్పారు.

అశోకవనంలో సీత రావణునితో మాట్లాడబోయే ముందు 'తృణమంతరతః కృత్వా', నడుమ ఒక గడ్డిపోచ ఉంచి, బదులు పలికిందని వాల్మీకి చెప్పాడు. పరపురుషునితో నేరుగా మాట్లాడరాదు గనుక అలా చేసిందని కొందరు వ్యాఖ్యానిస్తే, నీవూ నీ ఐశ్వర్యమూ నాకు ఈ పోచపాటి అని సూచించడానికేనని మరికొందరు వ్యాఖ్యానించారు. నాకు రెండోదే రుచిస్తుంది. అతని కోరికను ఆమె తిరస్కరించింది పలికిన మాటలతో. తృణీకరణం అంతకుముందే, ఆ పోచతోనే జరిగిపోయింది. 'ప్రాణాలను తృణప్రాయంగా ఎంచారు' అని వీరులను గురించి రాసే పత్రికలు కూడా అక్కడ ఈ అర్థాన్ని చక్కగానే నిలుపుకుంటున్నాయి. ఆహ్వానాల దగ్గరికి వచ్చేసరికే వాటికి మతిమరుపు వస్తోంది.

చ్వి ప్రత్యయం ప్రసక్తి వచ్చింది గనుక ఇంకొక మాట చెప్పక తప్పదు. ఫికేషన్‌తో ముగిసే ఇంగ్లీషు మాటలకు మన 'ఈకరణం' చక్కని జోడీ: సింప్లిఫికేషన్ సరళీకరణం, ప్యూరిఫికేషన్ శుద్ధీకరణం. కాని ఈ ఈకారం అకారాంత శబ్దాలకే వస్తుంది; ఉకారం ఉంటే అది దీర్ఘమవుతుంది. కనుక లఘువు లఘూకరణమవుతుందే గాని లఘీకరణం కాదు. ఇక 'ఆధునీకరణ' అని అచ్చులో చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మాట ఆధునికం, ఆధునికీకరణం అనాలి. నడుమనున్న 'క'ను మింగివేసి ఆధునికులమయ్యామనుకోవడం వింతే. విద్యుదీకరణ కూడా సూత్రానికి లొంగదు, కాని ఊరూరా తీగలతోపాటు ఆ మాటా పాతుకుపోయింది. ప్రైవేటీకరణను చూసి పాణిని ఏమనేవాడో గాని, మనకు అంతకంటె పొట్టి మాట దొరకలేదు.

తిరస్కరణం కథ మరొకటి. 'తిరస్' అంటే అడ్డంగా, కనబడకుండా అని. తిరస్కరిణి అంటే తెర. కాళిదాసు కుమారసంభవంలో గుహల ముంగిట వేలాడే మేఘాలు తిరస్కరిణులయ్యాయి. మరుగుపరచడం నుంచి అవమానించడం, దానినుంచి ఒప్పుకోకపోవడం దాకా అర్థం నడిచివచ్చింది. అది అంత దూరం నడవగా లేనిది, తృణీకరించడం ఇంకొక అడుగు వేస్తే తప్పేమిటని మీ సహోపాధ్యాయుడు అడగవచ్చు. వాడుక బలమైనదే. నిరాదరణతో తోసిపుచ్చిన సందర్భంలో ఎవరైనా తృణీకరించారని రాస్తే నేను తప్పని కొట్టివేయను. వీలుపడక మర్యాదగా రాలేనన్నవారిని పట్టుకొని ఆహ్వానాన్ని తృణీకరించారనడం మాత్రం వారిపై నింద.

మీరు అడగకపోయినా, 29 అక్షరాలన్న లెక్కను గురించి కూడా చెప్పాలి. ఇంగ్లీషు లిపిలో గుర్తులు 29, నిజమే. వాటిలో 'ఐ' ఒక్కటే తొమ్మిదిసార్లు వస్తుంది. ఛందస్సు చదివినవారికి అక్షరమంటే ఒక్క ఉచ్చారణలో పలికేది గనుక, నోటితో పలికినప్పుడు ఆ మాటలో ఉన్నవి పన్నెండే, జగతీ ఛందంలో ఒక పాదానికి సరిపడా. లోకంలో ఇంగ్లీషు గుర్తులనూ అక్షరాలనే అంటున్నారు గనుక మీ ప్రశ్నపత్రాన్ని దిద్దనవసరం లేదు. ఫలితాలు ప్రకటించేటప్పుడు 'ఇంగ్లీషు లిపిలో' అని ఒక మాట చేరిస్తే మేలు.