చీలమండ బాగానే ఆడుతోంది, మరి గతుకుల్లో పాదం ఎందుకు తడబడుతోంది?

బెణుకు తగ్గి రెండు నెలలైందని, పాదం పైకీ కిందికీ మామూలుగానే కదులుతున్నా గతుకుల నేల మీద అడుగు వేయాలంటే భయంగా ఉందని రాశారు. నాదీ అచ్చం ఇదే కథ. మెట్లు అయిపోయాయనుకుని అడుగు వేశాను, ఇంకొకటి మిగిలి ఉంది. పాదం లోపలికి మడతపడింది. వాపు తగ్గాక ఇంట్లో దర్జాగానే తిరిగేవాణ్ణి. కంకర కనబడితే మాత్రం చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి.

నన్ను చూసిన ఫిజియోథెరపిస్ట్ పాదాన్ని పైకీ కిందికీ ఆడించి ఊరుకోలేదు. ఒక చేత్తో చీలమండ పైన పట్టుకుని, రెండో చేతి గుప్పిట్లో మడమను ఇరికించుకుని అటూ ఇటూ వాల్చారు. బాగున్న కాలి మడమ సాఫీగా వాలింది. దెబ్బతిన్నది కొయ్యలా ఉంది. మనం చీలమండ అని ఒక్కమాటలో తేల్చేసే చోట రెండు కీళ్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

పై కీలు తలుపు మడతబందులాంటిది. పిక్కలోని రెండు ఎముకల కింది కొసలు కలిసి టాలస్ అనే ఎముకను రెండు వైపులా పట్టుకుంటాయి. పాదాన్ని పైకి లేపడం, కిందికి వంచడం దీని పని. టాలస్ ముందువైపు వెడల్పు, వెనకవైపు సన్నం. అందుకని పాదం పైకి లేస్తే కీలు బిగుస్తుంది, వేళ్లు కిందికి చాస్తే వదులవుతుంది. మెట్టు దిగుతూ నేను దొరికిపోయింది ఆ వదులు దగ్గరే. ఒంటి బరువంతా మోసే ఈ టాలస్‌కి ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదంటే నేను మొదట నమ్మలేదు.

కింది కీలు టాలస్‌కీ మడమ ఎముకకీ మధ్యన. రాయి మీద కాలు పడ్డప్పుడు మనిషి ఒరిగిపోకుండా పాదం ఒక్కటే వాలి సర్దుకునేది ముఖ్యంగా దీనివల్లే. మీకు బిగుసుకుపోయింది ఇదేనని నా అనుమానం. మడమ బయటికి వాలితే పాదం మధ్య కీళ్లు కూడా సడలి నేలకి తగ్గట్టు ఒదుగుతాయి. లోపలికి వాలితే అవి బిగిసి, నేలను వెనక్కి తన్నడానికి పాదం గట్టిపడుతుంది. మునివేళ్ల మీద లేచి, వెనకనుంచి ఎవరినైనా చూడమనండి. మడమ లోపలికి తిరగాలి.

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు అంటారు. అన్నిటి జోలికీ పోను గానీ, బొటనవేలి మొదలు కీలు ఒక్కటి చూడండి. నిలబడి, ఎవరిచేతనైనా ఆ వేలిని పైకి వంచమనండి. అరికాలి వంపు దానంతటదే లేస్తుంది. మడమ నుంచి వేళ్ల దాకా ఉన్న గట్టి పొరను ఆ వేలు గిలక మీది తాడులా లాగుతుంది.

నాచేత చేయించింది తక్కువే: మడమను చేత్తో అటూ ఇటూ వాల్చడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడడం, అది కుదిరాక కళ్లు మూసుకుని నిలబడడం. బెణికిన లిగమెంట్లలో, అంటే ఎముకని ఎముకకి కట్టి ఉంచే పట్టీల్లో, పాదం ఏ కోణంలో ఉందో మెదడుకి చెప్పే నాడుల కొసలు ఉంటాయట, వాటికి మళ్లీ పని నేర్పాలన్నమాట. మొదటి రోజు కళ్లు మూసి మూడు సెకన్లు కూడా నిలవలేకపోయాను. కంకర మీద ధైర్యంగా నడవడానికి నెలన్నర పట్టింది.

పాదం ఉన్నట్టుండి మడతపడిపోతున్నా, వాపు తిరిగి వస్తున్నా సొంత ప్రయోగాలు వద్దు, చూపించుకోండి. లేదంటే ఈ రాత్రి రెండు మడమలూ పట్టుకుని వాల్చి చూసి, తేడా ఏమైనా తెలిసిందేమో ఇక్కడే రాయండి.